ఏం కూర వండినవ్?

మా ముప్కాల్‌లో కవి అన్నాక కొన్ని పనులు మెడకు పడతాయి. పెళ్ళి పత్రిక మీద నాలుగు లైన్లు రాసివ్వాలి. రిటైరయ్యే సారుకు సన్మానపత్రం రాయాలి. ఎవరైనా పెద్దమనిషి పోతే ఫ్లెక్సీ మీదికి రెండు ముక్కలు, ఆయన బతికుండగా వినని విశేషణాలతో, అప్పటికప్పుడు చెప్పాలి. వీటికి నేనెప్పుడూ విసుక్కోలేదు. వచ్చినవాడు కాయితం జేబులో పెట్టుకుని లేవకుండా అక్కడే కూచుని, "గిన్ని రాస్తవ్ గదన్నా, అసలు ప్రేమంటే ఏందే?" అన్నప్పుడే చిక్కు.

ఆ మధ్య ఒక పిల్లగాడు అలాగే అడిగాడు. పిల్ల కుదిరింది, వీసా కూడా వచ్చింది. లగ్గమైన కొద్ది రోజులకే విమానం ఎక్కాలి. మళ్ళీ ఊరి మొహం చూసేది రెండేళ్ళకు. పెళ్ళాంతో కలిసి బతకకముందే విడిగా బతకడం నేర్చుకోవలసినవాడికి ఆ ప్రశ్న ఊసుపోని ప్రశ్న కాదు. అప్పటికేదో చెప్పి పంపాను గానీ, జవాబు కోసం నా పుస్తకాల బీరువానూ, నా ఊరినీ కలిపి వెతకడం ఆ రోజు నుంచే మొదలైంది.

44వ నంబరు జాతీయ రహదారి మా ఊరిని ఆనుకుని పోతుంది. ఒక దిక్కు ఆర్మూరు, గోదావరి దాటితే ఇంకో దిక్కు నిర్మల్. 2016లో కొత్త మండలాలు చేసినప్పుడు బాల్కొండ నుంచి విడదీసి మాకూ ఒక మండలం ఇచ్చారు. చేలల్లో పసుపు, దాని సందుల్లో మక్క, గడపల్లో బీడీల చాటలు, అలమారలో పాస్‌పోర్టు. దుబాయి, మస్కట్, బహ్రెయిన్, సౌదీ పోవడం ఈ ప్రాంతంలో తరం మారినా ఆగలేదు. వాళ్ళు పంపిన పైసలతో ఎన్ని స్లాబులు పడ్డాయో చూస్తే తెలుస్తుంది. అక్కడి మనిషీ ఇక్కడి మనిషీ ఒకరినొకరు ఎట్లా ప్రేమించుకున్నారన్నది మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

పుస్తకాల దగ్గరికి వస్తే, ప్రేమ స్వభావం గురించి ఒక సిద్ధాంతమే చెప్పిన ఆధునిక కవి రాయప్రోలు సుబ్బారావు. ఆయన 'తృణకంకణం' 1912-13 ప్రాంతంలో వచ్చింది. చిన్నప్పటి నుంచి ఒకరినొకరు కోరుకున్న ఇద్దరిలో ఆమెకు వేరొకరితో పెళ్ళయిపోతుంది. ఆ ఇద్దరూ కోరికను స్నేహంగా మలచుకుని, గడ్డిపోచ కంకణాన్ని దానికి గుర్తుగా చేసుకుంటారు. దేహం పక్కకు తప్పుకుంటే మిగిలేది స్వచ్ఛమైన ప్రేమ అన్న ఈ ఆలోచనకు 'అమలిన శృంగారం' అన్న పేరు స్థిరపడింది. ఆడపిల్లను అడగకుండానే ఎవరి చేతిలోనో పెట్టే రోజుల్లో, పెళ్ళి అయిపోయినా ప్రేమ అయిపోదని అనడం చిన్న ధైర్యం కాదు. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే.

అయితే రాయప్రోలు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖకు అధ్యక్షులుగా పనిచేశారు. తాను పాఠం చెప్పిన తెలంగాణలోనే, కొన్ని దశాబ్దాలు గడిచాక, తన సిద్ధాంతం వీసా షరతుగా అమలవుతుందని ఆయన ఊహించి ఉండరు. దేహాన్ని పక్కన పెట్టమని మా దగ్గర ఎవరికీ బోధించనక్కరలేదు. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటరు ఆ పని చేసి పెడుతుంది. మలినమంతా దేహంలోనే ఉందనుకుంటే, రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చే మొగుడూ, అప్పటిదాకా తునికాకు కత్తిరిస్తూ ఎదురుచూసే పెళ్ళామూ లోకంలోకెల్లా పవిత్రమైన ప్రేమికులు కావాలి. ఆ మాట వాళ్ళ ముందర అని చూడండి, చాట ఎత్తి కొడతారు.

కృష్ణశాస్త్రి గారి దారి వేరు. 'కృష్ణపక్షం' 1925 నాటిది. ఆ తర్వాత వచ్చిన 'ఊర్వశి'తో కలిపి చదివితే ఒక తరం మొత్తం ఎందుకు కళ్ళు తుడుచుకుందో ఇప్పటికీ అర్థమవుతుంది. ఆ ఒరవడికి నేనూ తలవంచినవాణ్ణే. కానీ ఊర్వశికి ఊరు లేదు. ఆమెకు పులుపు ఇష్టమో కారం ఇష్టమో, కోపం వస్తే మాట మానేస్తుందో గిన్నెలు ఎత్తేస్తుందో ఎక్కడా తెలియదు. కవి ప్రేమించింది తన వేదననే. ఆ వేదన అందమైనది కాబట్టి, ఎదుటి మనిషి లేకపోవడం అక్కడ లోటుగా అనిపించదు. మన దగ్గర ఉర్దూ గజల్ కూడా చాలావరకు ఈ లేమి మీదే బతికింది. నిజామాబాద్ ఖిల్లా జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథి తర్వాతి కాలంలో గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చి మనకు ఆ రుచి మరింత దగ్గర చేశారు. తెలుగైనా ఉర్దూ అయినా, ఎడబాటు అక్కడ ప్రేమకు నగ.

ఆ కృష్ణశాస్త్రి గారే 1951లో 'మల్లీశ్వరి' సినిమాకు పాటలు రాశారు. ఆ కథను ఒకసారి మా ఊళ్ళో కూచుని తలుచుకోండి. మల్లిని చేసుకోవాలంటే నాగరాజుకు డబ్బు కావాలి. డబ్బు కావాలంటే ఊరు విడవాలి. శిల్పిగా సంపాదించుకుని తిరిగి వచ్చేసరికి పిల్లను రాణివాసం పల్లకీ ఎక్కించుకుపోయి ఉంటుంది. నాగరాజు చేతిలో ఉలి బదులు వెల్డింగ్ రాడ్ పెడితే ఇది దుబాయి కథే. అక్కడ ఎడబాటుకు ఒక కారణం ఉంది, ఆ కారణానికి ఒక ధర ఉంది. అందుకేనేమో ఆ పాటలు నాకు 'కృష్ణపక్షం' కన్నా లోతుగా తాకుతాయి. ఆ పాటల్లోలా మేఘంతో మాట్లాడేవాళ్ళ పేర్లూ ఊళ్ళూ నాకు తెలుసు మరి.

ఇక నా చిన్ననాటి సంగతి ఒకటి. నేను బడికి పోయే రోజుల్లో మా వాడకట్టులో చదవను రాయను వచ్చిన పిల్లలు తక్కువ. గల్ఫ్‌కు ఉత్తరాలు నాతో రాయించుకునేవాళ్ళు. ఒక పెద్దమ్మ గడపలో బీడీలు చుడుతూ చెప్పేది, నేను ఎదురుగా కూచుని రాసేవాణ్ణి. మొదట ఎప్పుడూ ఉండే క్షేమ సమాచారం. ఆ తర్వాత ఆమె చెప్పినదాని పక్కన నేను సినిమా పాటల ఒరవడిలో సొంతంగా ఒక వాక్యం చేర్చాను. రాసింది చదివి వినిపించమంది. విన్నది. చేతిలోని బీడీకి దారం చుట్టడం ఆపకుండానే అంది: "గది కొట్టెయ్ బిడ్డా. బర్రె ఈనింది, పెయ్యదూడ, సుక్కదుడ్డె అని రాయి. నొసటి మీద సుక్క ఎంత ఉందో గూడ రాయి."

నాకు దొరికిన మొదటి సంపాదకురాలు ఆవిడే. నేను రాసింది ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా పోయే వాక్యం. ఆమె అడిగింది ఒకే ఇంటి నుంచి ఒకే మనిషికి పోయే వాక్యం. అక్కడ ఎడారిలో రేకుల గదిలో ఉన్న ఆ మనిషి, నొసటి మీది చుక్క ఎంతుందో తెలిస్తేనే తన దొడ్లోకి ఒకసారి వచ్చి పోగలడు. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ కూచుని మాట్లాడి, ఊరికి వచ్చి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. ముసలాయన దగ్గు, పక్కింటి కోడి కూత కూడా అందులో పడేవి. ఎవరూ చెరిపేవాళ్ళు కాదు. ఆ తర్వాత ఎస్టీడీ బూత్‌లు, ఇప్పుడు చేతిలోనే వీడియో. సాధనం మారింది గానీ మాటల సరుకు అదే.

పోయిన మాఘమాసంలో పసుపు కల్లం దగ్గర విన్న మాటలు చెబుతాను. తవ్వకం అయిపోయింది. కొమ్ములూ గోళలూ విడదీసి, బాయిలర్‌లో ఉడికించి ఎండబోశారు. వరసకు మా వదిన అయ్యే ఆమె ఫోను బస్తా మీద ఆనించి, చేతులతో పసుపు తిరగేస్తోంది. అటు మస్కట్‌లో ఆయన. మనకన్నా గంటన్నర వెనక, ఇంకా మధ్యాహ్నం భోజనానికి కూచోలేదు.

"ఏం కూర వండినవ్?"

"చెప్తే వచ్చి తింటవా?"

"చెప్పరాదే."

"పచ్చిపులుసు, కోడిగుడ్డు."

"నాయినకు పులుపు పడది గదా?"

"తక్కువనే వేసిన. మీ నాయిన మల్ల చింతపండు పిసుక్కున్నడు. ఆయనకు చెప్పెటోళ్ళెవరు?"

కాసేపు ఇద్దరూ ముసలాయన్ని తిట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన అడిగాడు, "కొమ్ము ఇరిచి చూసినవా?" ఆమె ఒక కొమ్ము తీసుకుని ఫోను దగ్గరగా పట్టుకుని విరిచింది. బాగా ఎండిన కొమ్ము విరిగితే కంచు పలికినట్టు చప్పుడు రావాలి. అది ఇంకా కాస్త మెత్తగా పలికింది. అటునుంచి ఒక క్షణం ఏమీ వినపడలేదు. "ఇంకోటి ఇరువు," అన్నాడు. ఇంకోటి విరిచింది. "ఇంకో రెండు దినాలు ఎండనియ్యి. గిప్పుడే పాలిషుకు ఏసినవ్ గన్క, నిజామాబాద్ యార్డుల తేమ ఉందని ధర కోస్తరు."

వానకాలం మొదట్లో విత్తితే పసుపు చేతికి రావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. దుంపకుళ్ళు రాకుండా చూసుకోవాలి, నీళ్ళు నిలవకుండా చూసుకోవాలి. ఆ నెలలన్నీ ఆయన మస్కట్ నుంచే ఈ చేనును ఇట్లా చెవులతో చూసుకుంటూ వచ్చాడు. అసలు ఆయనకు కావలసింది పసుపేనా? కూరలో పులుపు గురించి అడిగిన మనిషికి, కొమ్ము చప్పుడు వినాలన్న మనిషికి, ఆమె రోజు ఎట్లా గడిచిందో అందులో ఏ తుంపూ జారిపోకుండా కావాలి. ఆమెకు కూడా ఎవరో ఒకరు అది అడగాలి. కల్లంలో ఒంటరిగా పసుపు తిరగేసే మనిషికి "నువ్వంటే నాకు ప్రాణం" అన్న మాట ఎంత దూరం పనికొస్తుంది? "ఇంకోటి ఇరువు" అన్నప్పుడు ఆ పనిలో ఇంకో మనిషి వచ్చి చేరతాడు.

కాబట్టి ప్రేమంటే నాకు తోచింది ఇది: ఎదుటి మనిషి వివరాల కోసం తీరని ఆకలి. భావం నాలోనే పుట్టి నాతోనే పెరగగలదు. దానికి ఎదుటి మనిషి అక్కర పెద్దగా లేదు, కృష్ణశాస్త్రి గారి ఊర్వశే సాక్ష్యం. వివరం అలా కాదు. అది ఆమె దగ్గరే ఉంటుంది. అడిగితేనే దొరుకుతుంది. పైగా నిలవ ఉండదు. నిన్నటి కూర ఇవాళ కూర కాదు, పోయిన నెల నడుంనొప్పి ఈ నెల మోకాలికి దిగి ఉంటుంది. అందుకే ప్రేమను ఒకసారి ప్రకటించి దాచుకోవడానికి వీలుండదు. రోజూ మళ్ళీ అడగాలి. అడగడం మానేసిన ఇళ్ళు కూడా మా దగ్గర ఉన్నాయి. నెలనెలా బ్యాంకులో పైసలు తప్పకుండా పడతాయి, ఫోను మాత్రం మోగదు. ఆ ఇంటి ఆడమనిషి ముందు ఎవరూ ఆ ఊసు ఎత్తరు.

ఇది కవిత్వానికి పనికిరాని సంసారపు సరుకు అనేవాళ్ళకు మన కవిత్వమే జవాబు. క్షేత్రయ్య పదంలో నాయిక అలిగితే ఎందుకు అలిగిందో, ఏ గుర్తు చూసి అలిగిందో మనకు తెలుస్తుంది. 1920ల్లో నండూరి సుబ్బారావు ఎంకిని తెచ్చినప్పుడు, ఊర్వశి కాలంలోనే, చేలూ చెట్లూ తిరిగే, సొంత యాసలో మాట్లాడే మనిషి తెలుగు ప్రేమకవిత్వంలోకి నడిచి వచ్చింది. ఎంకి ఎదురుపడితే గుర్తుపట్టగలం, నాయుడుబావను కూడా. నాకున్న కొలత కూడా అంతే. ప్రేమ కవిత చదివాక అందులోని మనిషిని అంగడిలో గుర్తుపట్టగలనా? గుర్తుపట్టలేనంటే ఆ కవి ఆమెను సరిగా చూడలేదని లెక్క.

ఇంకా వెనక్కి, గోదావరి మీదుగా ఎగువకు పోదాం. మా పక్కనే ఉన్న పోచంపాడు శ్రీరాంసాగర్‌లోకి వచ్చే ఈ నీళ్ళు అంతకుముందు కందకుర్తి దగ్గర మంజీరనూ హరిద్రనూ కలుపుకుని వస్తాయి. ఆ పైన నాందేడ్, ఇంకా పైన పైఠాన్. అదే శాతవాహనుల ప్రతిష్ఠానం. ఆ వంశపు రాజు హాలుడి పేరు మీద ఉన్న 'గాథాసప్తశతి' ప్రాకృతంలో ఏడువందల చిన్న పద్యాలు. నాగలి పట్టేవాళ్ళూ, దారి నడిచేవాళ్ళూ, అత్తాకోడళ్ళూ అందులో మనుషులు. ఊరికి వెళ్ళిన మొగుడి కోసం రోజులు లెక్కపెట్టాలని, మొదటి రోజు సగం పొద్దు తిరక్కుండానే గోడంతా గీతలతో నింపేసిన ఇల్లాలు ఒకతి అందులో ఉంది. చలివేంద్రం దగ్గర దాహంతో వచ్చిన బాటసారి వేళ్ళు ఎడం చేసి దోసిలిలో నీళ్ళు కారిపోనిస్తాడు. పోసే పిల్ల కూడా కావాలనే ధార సన్నం చేస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోరు. వేళ్ళ సందూ, ధార సన్నమూ, ఆ రెండు వివరాలే ప్రేమ మొత్తం. రెండువేల ఏళ్ళ నాటి ఆ పిల్లను నేను ఇవాళ బాల్కొండ బస్టాండులో చూసినా గుర్తుపడతాను.

ఇక్కడ ఒక అభ్యంతరం నాకు నేనే చెప్పుకున్నాను. వివరాలు అడిగేవాళ్ళంతా ప్రేమించేవాళ్ళేనా? "యాడికి వోయినవ్? ఎవరితోని మాట్లాడినవ్? కెమెరా తిప్పి చూపెట్టు" అని అడిగే మొగుళ్ళు కూడా ఉన్నారు. దూరం కొందరిలో ఆకలిని పెంచుతుంది, కొందరిలో అనుమానాన్ని. మాటలు చూస్తే రెండూ ఒకటే. తేడా జవాబు వచ్చాక తెలుస్తుంది. అనుమానం అడిగేటప్పుడు జవాబు ముందే జేబులో పెట్టుకుని ఉంటుంది. ఆమె ఏం చెప్పినా దానితో సరిచూస్తుంది. ప్రేమకు జవాబు తెలియదు కాబట్టి, వచ్చిన జవాబు నుంచి ఇంకో ప్రశ్న పుడుతుంది. ముసలాయన చింతపండు పిసుక్కున్నాడంటే నవ్వు పుడుతుంది. అడిగిన తర్వాత ఆమె మనసు తేలికపడిందా, ఇంకా ముడుచుకుపోయిందా అన్నది పక్కనున్నవాళ్ళకు కూడా తెలిసిపోతుంది.

గల్ఫ్‌కు పోయినవాళ్ళు తిరిగి వచ్చాక ఏమవుతుందన్నది ఇంకో కథ. పోయిన కాలం, పారిన నీరు తిరిగి రావని కవులం రాస్తూనే ఉంటాం. మా ఊరి దగ్గర ఆ మాట అంత గట్టిగా అనలేం. శ్రీరాంసాగర్ వరద నీటిని దిగువకు తీసుకుపోవడానికి తవ్విన వరద కాలువలోకే, పునరుజ్జీవ పథకం కింద, కాళేశ్వరం నీళ్ళను ఎదురు పారించి ప్రాజెక్టులోకి ఎత్తిపోసే ఏర్పాటు చేశారు. 2017లో శంకుస్థాపన జరిగిన ఆ పథకంలో మూడు పంపుహౌసులు. రాంపూర్, రాజేశ్వరరావుపేట దాటాక ఆఖరిది ముప్కాల్‌దే. అంటే నీళ్ళు తిరిగి వస్తాయి, కాకపోతే వాటంతట అవి రావు. మోటార్లు కావాలి, కరెంటు కావాలి, మెట్టుమెట్టుకూ ఎత్తాలి.

గల్ఫ్ నుంచి ఇరవై ముప్ఫై ఏళ్ళకు ఇంటికి చేరిన మనిషి సంగతీ అంతే. తను కట్టించిన ఇంట్లో తనకే ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు. చేను సంగతులు, చుట్టాల పెట్టుపోతలు, గ్రూపు సంఘం కిస్తీలు అన్నీ ఆమె చేతిలో ఉంటాయి. ఆమె నిర్ణయాలు తీసుకునే తీరుకు అలవాటు పడింది. అతను ఆజ్ఞలు తీసుకునే తీరుకు అలవాటు పడ్డాడు. ఇన్నేళ్ళు ఫోనులో అడుగుతూ వచ్చినవాడికి ఇల్లు కొంతైనా తెలుసు, కొత్తవి నేర్చుకుంటాడు. డబ్బు మాత్రమే పంపినవాడు అరుగు మీద కూచుని ఊరు మారిపోయిందని తిడుతుంటాడు. రాయప్రోలు గారు పక్కన పెట్టమన్న దేహం అప్పుడు ఎదురుగానే ఉంటుంది, బీపీ మాత్రలతో, మంటలెత్తే అరికాళ్ళతో. దానికి మాత్ర ఏ వేళకు ఇవ్వాలో గుర్తుంచుకోవడంలో ఏ మలినమూ నాకు కనపడదు.

హాలుడు కోటి గాథల్లోంచి ఏడువందలు ఏరాడని ఆ పుస్తకంలోనే ఉంది. కోటి అన్నది కవుల లెక్క కావచ్చు. ఏరడం మాత్రం నిజం. ఆ పద్యాలన్నీ ఆయనే రాసుకున్నవి కావు, చాలావాటికి వేరే కవుల పేర్లు కూడా ఉన్నాయి. ప్రేమ గురించి పుస్తకం చేయాలనుకున్న రాజు తన గుండె తవ్వుకోకుండా ఇతరుల మాటలు విన్నాడు. తెలుగులో మాకు ఇప్పుడు కావలసిన ప్రేమ కవిత్వం కూడా అట్లాగే వస్తుందని నా నమ్మకం. మస్కట్‌కూ ముప్కాల్‌కూ నడుమ రోజూ నడిచే మాటల్లో ఏడువందలు ఏరుకోవడానికి కొదవేమీ లేదు. హాలుడు రాజు కాబట్టి గాథలు ఆయన దగ్గరికి నడిచి వచ్చి ఉంటాయి. మాబోటివాళ్ళం మేమే కల్లం దగ్గరికి పోవాలి. ఉత్త చేతులతో పోయి నోట్‌బుక్కు తెరిస్తే మాత్రం ఎవరూ నోరు విప్పరు. గుప్పెట పసుపు పట్టుకుని, వాళ్ళతో పాటు తిరగేస్తూ కూచోవాలి.